ఊక గది వైపు మైకు

కంప్లి
11 జూన్ 2023

మేష్ట్రుగారికి ఈరేష్ నమస్కారాలు.

ఫోను చేస్తే మీకు వినపడదు, మెసేజీ పెడితే మీరు చూడరు. అందుకని ఈ ఉత్తరం. పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు మనం పలక మీద రాసుకుని మాట్లాడింది బాగానే ఉంది గానీ, తుడిచేశాక నాకేమీ మిగల్లేదు. కాగితమైతే దాచుకుంటాను.

బస్టాండు వెనక సందులో ఒక గది తీసుకున్నాను. పదేళ్లుగా పెళ్లిళ్లకూ జాతరలకూ స్పీకర్లు మోశాను. ఇకమీదట పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియో నడపాలని ఉంది. మా ఆవిడ ఆశ కూడా సరేనంది. బళ్ళారిలో కొట్టువాడు కండెన్సర్ మైకులు నాలుగు రకాలు చూపించాడు. స్టూడియోకూ స్టేజీకీ రెండింటికీ అదే చాలన్నాడు. నిజమేనా? ఏది కొనాలి? మీరు చెప్పింది కొంటాను.

మీ చెవులకు మళ్ళీ వైద్యం చేయించకూడదా అని ఆశ అడగమంది.

మీ శిష్యుడు
ఈరేష్

*

బళ్ళారి, కంటోన్మెంట్
17 జూన్ 2023

చిరంజీవి ఈరేష్‌కు వెంకటప్పయ్య ఆశీస్సులు.

కొట్టువాడి మాట సగం నిజం. స్టేజీ మీద మనం వాడే మామూలు మైకు మొరటుది. నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా పాడితేనే పలుకుతుంది, దూరపు సంగతి దానికి పట్టదు. అందుకే అది స్టేజీకి మంచిది. కండెన్సర్ వేరు. దాని లోపల ఉన్నది వెంట్రుక కంటే పలచని పొర. మిక్సర్ నుంచి నలభై ఎనిమిది వోల్టులు ఆ వైరులోనే వెళ్తే గానీ దానికి ప్రాణం రాదు. ప్రాణం వచ్చిందంటే గదిలో ఉన్నవన్నీ వింటుంది. ఫ్యాను, పక్కింటి కుక్కరు, పాడేవాళ్ళ గాజులు, ఏదీ వదలదు. ఇది విను, అది వినకు అంటే దానికి తెలియదు.

రెండు కొను. గొంతుకు పెద్ద పొరది ఒకటి, ఢోలక్ లాంటి వాటికి పెన్సిల్ లాగా సన్నగా ఉండేది ఒకటి. రెండూ ముందు వైపు మాత్రమే వినే రకమై ఉండాలి. వాటి వీపు చెవిటిది, అది మనకు లాభం. అట్టపెట్టె మీద అంకెలు చూసి కొనవద్దు. కొట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, అందరినీ ఊరుకోమని, ఏమీ మాట్లాడకుండా విను. ఏ మైకులో బుస తక్కువ వినిపిస్తే అది తీసుకో.

గోడలకు ఖరీదైన స్పాంజీలు వద్దు. మీ ఊళ్ళో మిల్లులున్నాయి, ఊక బస్తాలు పేర్చి పైన బొంతలు కప్పు. పాడే మనిషి నోటికి జానెడు దూరంలో మైకు పెట్టు, మధ్యలో పలచని గుడ్డ బిగించు. ముందు వైరు తగిలించు, ఆ తర్వాతే వోల్టుల బటను నొక్కు. పని అయ్యాక బట్ట చుట్టి తేమ తగలకుండా దాచు.

నా చెవులంటావా, నలభై ఏళ్ళు హారన్ స్పీకర్ల కింద బతికినవాడికి ఇంతేనని ఆశకు చెప్పు.

వెంకటప్పయ్య

*

కంప్లి
8 జూలై 2023

మేష్ట్రుగారికి,

మీరు చెప్పినట్టే రెండూ కొన్నాను. మొదటి రికార్డింగ్ మా ఊరి హంపమ్మ వరినాట్ల పాటలు. ఎప్పుడు చెయ్యి ఊపినా గాజులు మోగుతున్నాయంటే, ఆమె అన్నీ తీసి కొంగున కట్టుకుని పాడింది. ఆమె కొడుకు హనుమంతే ఢోలక్. పగలు వరి పొలాల్లో కూలి పని చేస్తాడు. ఈ చుట్టుపక్కల అంత తేలికైన చెయ్యి ఇంకొకటి లేదు. వాళ్ళ పాట విన్నప్పుడు, మేష్ట్రుగారూ, మీరు కూడా వినగలిగితే బాగుండుననిపించింది.

ఇంకొక సంగతి. వీరభద్రప్ప కొత్త రైస్ మిల్లు 16వ తేదీ ఆదివారం తెరుస్తున్నారు. ఆయనే స్వయంగా స్టూడియోకు వచ్చి పగలంతా పాటల కార్యక్రమం పెట్టమన్నాడు. హనుమంత ఢోలక్ తప్పకుండా ఉండాలన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఎండాకాలంలో ఏటి ఇసుక తోడుకుపోతున్న వీరభద్రప్ప లారీలకు అడ్డంగా పడుకుని, తహసీల్దారుతో రెండింటిని పట్టించింది హనుమంతే. అదే అంటే ఆయన నవ్వి, 'పాతవన్నీ మరిసిపోదామప్పా' అన్నాడు. హనుమంత ముందు రానన్నాడు. నేను ఇంటికి వెళ్ళి, రాజీ కావడానికి ఇదే సమయమని నచ్చజెప్పి ఒప్పించాను.

స్టేజీ మీద ఢోలక్‌కు కండెన్సర్ పెడితే, స్పీకర్ల చప్పుడు మళ్ళీ మైకులోకి పోయి కూత వస్తుందా? ఎలా పెట్టాలో రాయండి.

ఈరేష్

*

బళ్ళారి, కంటోన్మెంట్
13 జూలై 2023

ఈరేష్‌కు,

మైకు సంగతి తర్వాత. ఆ ఇంటి పనికి నువ్వు వెళ్ళవద్దు. హనుమంతను అసలే తీసుకువెళ్ళవద్దు. ఒంట్లో బాగోలేదని చెప్పు. ఎందుకని అడగకు.

వెంకటప్పయ్య

*

కంప్లి
19 జూలై 2023

మేష్ట్రుగారికి,

వెళ్ళవద్దని మీరు రాసిన ఉత్తరం నిన్న అందింది. అప్పటికి హనుమంతను పూడ్చి ఒక రోజయింది.

మిల్లు ఆవరణలో స్టేజీ వేశారు. స్టేజీ వెనక గుడ్డ తెర, తెర వెనక ఊక గది. స్పీకర్లు జనం వైపు ఉన్నాయి. మీ మొదటి ఉత్తరం గుర్తుపెట్టుకుని మైకు వీపు స్పీకర్ల వైపు, ముఖం ఢోలక్ వైపు ఉండేలా పెట్టాను. కూత రాలేదు. ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్క మైకు విడివిడిగా రికార్డవుతోంది.

ఒంటిగంటకు భోజనాలకు ఆపారు. వీరభద్రప్ప లారీ డ్రైవరు మౌనేష్ వచ్చి, లోపల పిలుస్తున్నారని హనుమంతను తీసుకుపోయాడు. నేను స్పీకర్లలో ఆ మైకు మూసి, భోజనాల వేళకని రికార్డు పాట వేశాను. రికార్డింగ్ మాత్రం ఆపలేదు. ఢోలక్ ముందు మనిషి లేడు కాబట్టి ఆ మైకు ముఖం నేరుగా ఊక గది వైపు ఉంది.

ఇంటికి వచ్చి ఆ ట్రాకు విన్నాను. మొదటి దెబ్బకు హనుమంత అరవలేదు. 'చెప్పేది ఇనప్పా మౌనేషా' అన్నాడు. నలుగురున్నారు. చప్పుడును బట్టి పార కర్రలతో కొట్టారు. ముందు కాళ్ళ మీద కొట్టినట్టున్నారు, పడిపోయిన చప్పుడు వచ్చింది. 'లారీకి అడ్డం పడుకుంటివే, ఇప్పుడు పడుకో' అని మౌనేష్ గొంతు. ఎముక విరగడం వినపడింది. ఆ తర్వాత ఇంకొకటి. హనుమంత అమ్మను పిలిచాడు. కాసేపటికి పిలవడం మానేసి నీళ్ళు అడిగాడు. ఒకడు 'సాలప్పా, ఇంగ సాలు' అన్నాడు. ఇంకొకడు ఆపలేదు. ఊకలో కొడుతున్నట్టు మెత్తని చప్పుడు, ఆగి ఆగి. మొత్తం పదకొండు నిమిషాలు.

మిల్లు నిచ్చెన మీది నుంచి పడ్డాడని చెప్పారు. పోలీసులు అదే రాసుకున్నారు. ముఖం కడగబోతే దవడ చేతిలోకి వచ్చిందట, హంపమ్మ కొంగుతో కట్టి పూడ్పించింది.

నాకేమీ తోచడం లేదు.

ఈరేష్

*

బళ్ళారి, కంటోన్మెంట్
24 జూలై 2023

ఈరేష్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క మాట అడుగుతాను, నిజం రాయి.

స్పీకర్ల పాట వెనక వైపు నుంచి కొంతైనా ఆ మైకులోకి వచ్చి తీరుతుంది. ఆ పదకొండు నిమిషాలూ ఆ పాట ఒకే ఎత్తులో ఉందా? మధ్యలో ఎక్కడైనా పెరిగిందా?

వెంకటప్పయ్య

*

కంప్లి
30 జూలై 2023

మేష్ట్రుగారికి,

పెరిగింది. మొదటి దెబ్బ పడ్డాక తొమ్మిది సెకన్లకు. పెంచింది నేను.

ఇంటికి వచ్చి విన్నానని రాసింది అబద్ధం. అప్పుడు హెడ్‌ఫోన్ నా చెవులకే ఉంది. మొదటి దెబ్బ అక్కడే విన్నాను. లేచాను. పక్కన వీరభద్రప్ప నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో తెలియదు. నా భుజం మీద చెయ్యి వేశాడు. 'కూర్చోప్పా ఈరేషా. సౌండు సన్నగా ఉండాది, పెంచు' అన్నాడు. పెంచాను. 'ఇంకా' అన్నాడు. ఇంకా పెంచాను. ముందు వరసలో అన్నం తింటున్నవాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు. అయిపోయేదాకా ఆయన ఆకు వక్క నములుతూ అక్కడే నిలబడ్డాడు. ఆయన చెయ్యి బరువుగా కూడా లేదు. లేచి అరిచి ఉంటే అక్కడ రెండు వందల మంది ఉన్నారు. అరవలేదు. హెడ్‌ఫోన్ తీస్తే నాకు తెలిసిపోయిందని ఆయన కనిపెడతాడేమోనని అది కూడా తీయలేదు. అంతా విన్నాను.

మర్నాడు మనిషిని పంపి ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేయమన్నాడు. చెరిపేశానని చెప్పాను. చెరపలేదు. చెరిపేస్తే నేను చేసిన పని కూడా పోతుంది, ఎవరికీ తెలియదు. రెండుసార్లు వేలు బటను దాకా తీసుకుపోయాను.

హనుమంతను అక్కడికి తీసుకువెళ్ళింది నేను. ఏం చేయమంటారు?

ఈరేష్

*

బళ్ళారి, కంటోన్మెంట్
5 ఆగస్టు 2023

ఈరేష్‌కు,

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్య కూడా తెలియకుండానే పోయింది.

1994లో వీరభద్రప్ప తండ్రి పంచాయతీని ఏలుతున్నప్పుడు పక్కీరప్ప అనే కూలీ ఆయన మీద ఎన్నికకు నిలబడ్డాడు. ఓట్లకు వారం ముందు ఊరి జాతర. సౌండు నాది, నాలుగు హారన్లు. బండ్ల వెనక పక్కీరప్పను పట్టుకున్నారు. కేక నాకు వినపడింది. ఆ పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, 'హారన్లు గట్టిగా పెట్టు ఎంకటప్పయ్యా' అన్నాడు. నేను పెట్టాను. నువ్వు పెట్టినట్టే పెట్టాను. తాగి ఎద్దుల బండి కింద పడ్డాడని చెప్పి అతన్ని పూడ్చేశారు.

నాలుగు రోజులకు నేనూ తాగి, ఒకడి దగ్గర నోరు జారాను. తెల్లవారగానే ఆ పెద్దమనిషి మనుషులు వచ్చి నన్ను బండి చక్రానికి కట్టేశారు. నా హారన్లే తెచ్చి తలకు చెరొక వైపు పెట్టారు. మైకు తీసి హారను నోట్లో పెట్టి, మిషన్ సౌండు పూర్తిగా పెంచారు. ఆ కూత ఎట్లా ఉంటుందో నీకు ఒక్క సెకను తెలుసు. నేను పొద్దుటి నుంచి అందులో ఉన్నాను. ముక్కులోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చి చొక్కా తడిసింది. మధ్యాహ్నానికి ఆపేశారనుకున్నాను. ఆపలేదట. నాకే వినపడడం మానేసింది. ఎడమ చెవి కొంచెం తిరిగి వచ్చింది, దానితోనే నీకు పని నేర్పాను. ఐదేళ్ల కిందట అదీ పోయింది.

వెళ్ళవద్దని రాసిన ఉత్తరం నీకు ఆలస్యంగా అందింది, అందులో కూడా ఇదంతా దాచాను. అసలు ఇన్నేళ్లలో ఎప్పుడు చెప్పినా నువ్వు ఆ మనిషికి నీ గుమ్మం తలుపు తెరిచేవాడివి కాదు. సిగ్గు పడి చెప్పలేదు. హనుమంత చావులో నాకు కూడా వాటా ఉంది.

నా తమ్ముడి కూతురు పద్మశ్రీ ఇక్కడే వకీలు. ఇది అందగానే రికార్డు తీసుకుని బస్సెక్కు. ఆ ఫైలును కోయవద్దు, శుభ్రం చేయవద్దు, పాటను తగ్గించవద్దు. ఎట్లా ఉన్నది అట్లాగే ఇవ్వు.

వెంకటప్పయ్య

*

కంప్లి
22 ఆగస్టు 2023

మేష్ట్రుగారికి,

అక్షరాలు ఆశవి, మాటలు నావి.

రికార్డు పద్మశ్రీ గారికి ఇచ్చి వచ్చాను. ఆమె కోర్టులో అర్జీ వేసింది. సంగతి ఎలా తెలిసిందో గానీ, శుక్రవారం పొద్దున్నే ఐదుగురు స్టూడియోకు వచ్చారు. ఊక బస్తాలన్నీ కత్తులతో చీల్చారు. ల్యాప్‌టాప్‌ను గోడకేసి కొట్టారు. పెద్ద కండెన్సర్‌ను నేల మీద వేసి బూటుతో తొక్కారు. తర్వాత నా కుడి చెయ్యి గడప మీద పెట్టించి, మైకు స్టాండు అడుగున ఉండే ఇనుప దిమ్మెతో కొట్టారు. మౌనేష్ లెక్కపెడుతూ కొట్టాడు. నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు మాత్రం ఉంది. 'ఇంగ ఏ బటనూ నొక్కలేవు' అన్నాడు. నేను అరిచాను. సందులో అందరూ తలుపులు వేసుకున్నారు. వాళ్ళనేమీ అనలేను.

పద్మశ్రీ గారు ఆసుపత్రికి వచ్చారు. ట్రాకులో మౌనేష్ గొంతు, ఇంకొకడి గొంతు స్పష్టంగా ఉన్నాయట. వీరభద్రప్ప గొంతు లేదు. ఆయన నిలబడింది మిక్సర్ దగ్గర, మైకు వీపు వైపు. ఆయన పేరు చెప్పగలిగింది నేనొక్కణ్ణే. చెప్పాలంటే సౌండు పెంచింది నేనని ముందు ఒప్పుకోవాలి. అది ఒప్పుకుంటే కేసులో నా పేరు కూడా చేర్చవచ్చు, ఆలోచించుకో అన్నారు.

మేష్ట్రుగారూ, ఇక్కడి నుంచి ఆశను రాస్తున్నాను. సౌండు పెంచిన సంగతి ఈయన నాకు ఇంతవరకూ చెప్పలేదు. పై ముక్క రాస్తూ ఉంటేనే తెలిసింది. కలం పక్కన పెట్టి కాసేపు బయట కూర్చుని వచ్చాను. హనుమంత నన్ను అక్కా అనేవాడు. ఈయనకు అన్నం నేనే కలిపి పెట్టాలి ఇప్పుడు. పెడుతున్నాను. ఇంకేమీ రాయలేను.

*

బళ్ళారి, కంటోన్మెంట్
3 సెప్టెంబరు 2023

ఈరేష్‌కు, ఆశకు,

ఏం చేయమని మీకు చెప్పే అర్హత నాకు లేదు. నేను ఏం చేశానో రాస్తాను.

పక్కీరప్ప భార్య దురుగమ్మ తోరణగల్లులో ఉందని వాకబు చేశాను. కొడుకు అక్కడి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మంగళవారం వెళ్ళాను. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనెవరో చెప్పాను. ఆమె పెనిమిటి బండి కింద పడలేదని చెప్పాను. హారన్ల సంగతి చెప్పాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. పక్కిళ్ళవాళ్ళు బయటికి వచ్చారు.

ఆమె లేచి నా చెంప మీద కొట్టింది. చాటలో కాయలు నేల మీద పడ్డాయి. తర్వాత చాలాసేపు మాట్లాడింది. పెదవులు కదలడం చూస్తూ నిలబడ్డాను. కోడలు కాగితం తెచ్చి రాయబోతే దురుగమ్మ ఆ కాగితం లాగేసుకుంది. ఆమె ఏమన్నదో నాకు తెలియదు.

ఆ జాతర సంగతి నేనూ వాంగ్మూలం ఇస్తానని పద్మశ్రీతో చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత అది నిలవకపోవచ్చునంది. అయినా రాసుకోమన్నాను.

వెంకటప్పయ్య

*

కంప్లి
9 అక్టోబరు 2023

మేష్ట్రుగారికి,

ఆశ రాస్తోంది, నేను చెబుతున్నాను. కోర్టు ఉత్తర్వుతో హనుమంతను గుంతలోంచి తీసి శవపరీక్ష చేశారు. పద్దెనిమిది ఎముకలు విరిగాయని తేలింది. మౌనేష్‌నూ మిగతా ముగ్గురినీ పట్టుకున్నారు. వీరభద్రప్ప మాత్రం ఊళ్ళో మామూలుగా తిరిగాడు.

పోయిన సోమవారం పద్మశ్రీ గారి ఆఫీసుకు హంపమ్మ వచ్చింది. రికార్డు వింటానంది. వద్దని అందరం చెప్పాం. 'నా కొడుకు ఏమన్యాడో నేను ఇనల్ల' అని అక్కడే కూర్చుంది. పద్మశ్రీ గారు హెడ్‌ఫోన్ పెట్టారు. నేను బయటికి వెళ్ళబోతే హంపమ్మ చూపుతోనే ఆపింది.

పదకొండు నిమిషాలూ విన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలలేదు. ఒకచోట మాత్రం ఆమె నోరు తెరుచుకుంది, అది వాడు అమ్మను పిలిచిన చోటని నాకు తెలుసు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. మొదట్లోనే ఆపమని చెయ్యెత్తింది.

'ఈడ పాట పెద్దగయితాంది. ఎవురు పెంచినారు?'

పద్మశ్రీ గారు నా వైపు చూశారు. ఆశ తల దించుకుంది.

'నేనే హంపక్కా' అన్నాను. వీరభద్రప్ప ఏమన్నాడో, నా భుజం మీద చెయ్యి ఎలా వేశాడో, హనుమంతను రమ్మని ఎవరు బతిమాలారో, అన్నీ చెప్పాను. ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. ఏడవలేదు.

'ఇదే మాట ఆ జడ్జి కాడ చెప్తావా?' అంది.

చెప్తానన్నాను.

మూడో రోజు మేజిస్ట్రేట్ ముందు చెప్పాను. నా వాంగ్మూలంలో మొదటి వాక్యం, సౌండు నేనే పెంచాను అన్నది. గుమాస్తా తలెత్తి చూశాడు. రెండో వాక్యం, పెంచమన్నది వీరభద్రప్ప. ఎడమచేతి బొటనవేలితో ముద్ర వేశాను. నిన్న ఆయన్ను మిల్లులోనే పట్టుకున్నారు. బెయిలు మీద వస్తాడని అందరూ అంటున్నారు, రావచ్చు. నా పేరు కేసులో చేర్చాలా లేదా అన్నది ఇంకా తేలలేదు. చేర్చినా సరేనని ఆశ అంది.

వాంగ్మూలం ఇచ్చిన రోజు కోర్టు నుంచి కంప్లికి ఒకే బస్సులో వచ్చాం. హంపమ్మ ముందు సీట్లో, మేం వెనక. దారంతా ఆమె వెనక్కి తిరగలేదు. దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమె నాలుగడుగులు వేసి ఆగి, నా కట్టు చూసి, నాతో కాకుండా ఆశతో అంది.

'వాన వస్తాంది. ఆ చెయ్యి తడవనీయగాకు.'

ఈరేష్